ఏ ఆల్కహాల్ మండితే ఎక్కువ వేడి? మీ బ్యూటనాల్ లెక్క ఎక్కడ తప్పింది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మిథనాల్, ఇథనాల్, 1-ప్రొపనాల్, 1-బ్యూటనాల్ నాలుగింటినీ నాలుగు స్పిరిట్ దీపాల్లో పోశారు. 150 గ్రాముల రాగి డబ్బాలో 100 గ్రాముల నీరు తీసుకుని, ఒక్కో దీపంతో 20 డిగ్రీలు వేడెక్కించారు. అందుకు ఖర్చయిన ద్రవం వరుసగా 0.78, 0.55, 0.50, 0.52 గ్రాములు. కార్బన్ గొలుసు పెరిగేకొద్దీ వేడి పెరుగుతుందని పుస్తకంలో ఉంటే, మీ బల్ల మీద బ్యూటనాల్ ప్రొపనాల్ కన్నా వెనకబడింది. పైగా మీ విలువలన్నీ పుస్తకంలోని విలువల్లో సగం దగ్గరే ఆగిపోయాయి. పుస్తకం తప్పా, ప్రయోగం తప్పా, అసలు ఏది ఎక్కువ వేడినిస్తుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. పుస్తకం చెప్పింది నిజమే. మోల్‌కు (అంటే ఒక నిర్దిష్ట సంఖ్యలో అణువులకు) లెక్కించినా, గ్రాముకు లెక్కించినా, మిల్లీలీటరుకు లెక్కించినా ఈ నాలుగింటిలో బ్యూటనాల్‌దే పైచేయి. మీ తూనికల్లోనూ పెద్ద తప్పేమీ కనిపించడం లేదు. బ్యూటనాల్ విడుదల చేయగల వేడిలో మీ నీటికి చేరిన వాటా తక్కువ, అంతే. మిగతా మూడింటికీ ఆ వాటా దాదాపు ఒకేలా ఉంది, బ్యూటనాల్‌కు మాత్రం పడిపోయింది. మసి, పసుపు మంట, పొడవాటి జ్వాల ముగ్గురూ కలిసి చేసిన పని అది. ఇక ‘సగమే వచ్చింది’ అన్న బెంగలో కొంత భాగం ప్రయోగానిది కాదు, మీరు పోల్చుకున్న అంకెది.

ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థుల చేత ఈ ప్రయోగం చేయిస్తున్నాను. మధ్యలో కొన్నేళ్లు బాంబ్ కెలోరీమీటర్ (మూసిన ఉక్కు పాత్రలో ఇంధనాన్ని మండించి వేడి కొలిచే పరికరం) మీద ఇంధనాలను పరీక్షించే పని కూడా చేశాను. ఈ రెండు చోట్లా చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందు అసలు అంకెలు. ఒక మోల్ ఆల్కహాల్ పూర్తిగా మండి, పుట్టిన నీరు ద్రవంగా మారినప్పుడు వెలువడే వేడి మిథనాల్‌కు 726 కిలోజౌళ్లు, ఇథనాల్‌కు 1367, 1-ప్రొపనాల్‌కు 2021, 1-బ్యూటనాల్‌కు 2676. పక్కపక్క అంకెల మధ్య తేడా తీసి చూడండి: 641, 654, 655. గొలుసులో ఒక కార్బన్, దానితో రెండు హైడ్రోజన్‌లు చేరిన ప్రతిసారీ సుమారు 650 కిలోజౌళ్లు కలుస్తున్నాయి. మెట్లు దాదాపు సమానం. మొదటి మెట్టు కాస్త పొట్టిగా ఉంది, ఎందుకంటే మిథనాల్‌లో కార్బన్–కార్బన్ బంధమే లేదు. శ్రేణిలో మొదటి సభ్యుడు కొంచెం వేరుగా నడుచుకోవడం రసాయనశాస్త్రంలో తరచూ కనిపించే సంగతే.

అయితే మోల్ లెక్క చూసి ‘బ్యూటనాల్ మిథనాల్ కన్నా మూడున్నర రెట్లు మంచి ఇంధనం’ అనుకుంటే పొరపాటు. ఒక మోల్ మిథనాల్ 32 గ్రాములు, ఒక మోల్ బ్యూటనాల్ 74 గ్రాములు. పెద్ద అణువుకు పెద్ద అంకె రావడంలో వింతేముంది? గ్రాముకు లెక్కిస్తే మిథనాల్ 22.7 కిలోజౌళ్లు, ఇథనాల్ 29.7, ప్రొపనాల్ 33.6, బ్యూటనాల్ 36.1. ఇక్కడ తేడా మూడున్నర రెట్లు కాదు, ఒకటిన్నర రెట్లు మాత్రమే. మెట్లు కూడా సమానంగా లేవు: 7.0, 3.9, 2.5. పైకి వెళ్లేకొద్దీ చదునవుతున్నాయి. మిల్లీలీటరుకు చూస్తే సుమారు 18, 23.4, 27, 29.2. ఈ నాలుగింటి సాంద్రతలు దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి వరుస మారదు.

కాబట్టి ‘ఏది ఎక్కువ’ అన్న ప్రశ్నకు ముందు ‘దేనికి ఎంత’ అన్నది తేల్చుకోవాలి. మీ నివేదికలో పై వాక్యంలో మోల్‌కు అని, కింది వాక్యంలో గ్రాముకు అని కలిపేశారు. గందరగోళం అక్కడే మొదలైంది. మీ ఫలితాలను మోల్‌కు మారిస్తే 343, 700, 1005, 1192 కిలోజౌళ్లు వస్తాయి. అంటే మోల్ లెక్కలో మీ బ్యూటనాల్ కూడా ప్రొపనాల్ కన్నా పైనే ఉంది. వెనకబడింది గ్రాము లెక్కలో.

ఇప్పుడు అసలు కారణానికి వద్దాం. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

చాలామంది ‘ఇంధనంలోని బంధాల్లో శక్తి దాగి ఉంటుంది, మండితే అవి తెగి ఆ శక్తి బయటికి వస్తుంది’ అని రాస్తారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఈ వాక్యం కనిపించని సంవత్సరం లేదు. ఇది తలకిందుల మాట. బంధం తెంచడానికి శక్తి ఖర్చవుతుంది. కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి వెలువడుతుంది. మంటలో మనకు దక్కేది ఈ రెండింటి తేడా.

ఇథనాల్‌నే తీసుకుందాం. ఒక ఇథనాల్ అణువు మండడానికి మూడు ఆక్సిజన్ అణువులు కావాలి. తెంచవలసినవి: ఐదు కార్బన్–హైడ్రోజన్ బంధాలు, ఒక్కొక్కటి 413 చొప్పున. ఒక కార్బన్–కార్బన్ బంధం, 347. ఒక కార్బన్–ఆక్సిజన్ బంధం, 358. ఒక ఆక్సిజన్–హైడ్రోజన్ బంధం, 464. మూడు ఆక్సిజన్ అణువుల ద్విబంధాలు, ఒక్కొక్కటి 498. మొత్తం 4728 కిలోజౌళ్ల ఖర్చు. ఏర్పడేవి: రెండు కార్బన్ డయాక్సైడ్ అణువుల్లో నాలుగు ద్విబంధాలు, ఒక్కొక్కటి 805. మూడు నీటి అణువుల్లో ఆరు ఆక్సిజన్–హైడ్రోజన్ బంధాలు, ఒక్కొక్కటి 464. మొత్తం 6004 రాబడి. తేడా 1276.

పుస్తకంలో 1367 కదా, 91 ఎటు పోయింది? బంధ శక్తుల లెక్క అంతా వాయువులకు సంబంధించినది. పుస్తకంలోని అంకెలో ఇథనాల్ ద్రవం, పుట్టిన నీరూ ద్రవమే. మూడు మోల్‌ల ఆవిరి నీరుగా మారితే మోల్‌కు 44 చొప్పున 132 కిలోజౌళ్లు అదనంగా వస్తాయి. ఒక మోల్ ఇథనాల్‌ను ఆవిరి చేయడానికి సుమారు 42 పోతాయి. 1276కు 132 కలిపి, 42 తీసేయండి: 1366. ఈ లెక్క మొదటిసారి బోర్డు మీద సరిపోయినప్పుడు విద్యార్థుల ముఖాలు చూడాలి. బంధ శక్తులు సగటు విలువలు కాబట్టి ప్రతి పదార్థానికీ ఇంత చక్కగా కుదరదు, పుస్తకానికీ పుస్తకానికీ అంకెలు కొద్దిగా మారతాయి కూడా. కానీ దారి మాత్రం ఇదే.

పై లెక్కలో ఆక్సిజన్ బంధాన్ని మరోసారి చూడండి. ద్విబంధమై ఉండి కూడా దాని బలం 498 మాత్రమే. కార్బన్ డయాక్సైడ్‌లోని ద్విబంధం 805. అంటే ఆక్సిజన్ అణువు తన బంధాన్ని తక్కువ ఖర్చుతో వదులుకుని, కార్బన్‌తో, హైడ్రోజన్‌తో గట్టి బంధాలు పెట్టుకుంటుంది. మంటలోని వేడిలో పెద్ద వాటా ఈ బలహీన బంధానిది. అందుకే ఇలాంటి ఇంధనాలు ఇచ్చే వేడిని ఖర్చయిన ఆక్సిజన్‌తో భాగిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఒక మోల్ ఆక్సిజన్‌కు మిథనాల్ 484 కిలోజౌళ్లు ఇస్తుంది, ఇథనాల్ 456, ప్రొపనాల్ 449, బ్యూటనాల్ 446. ఆల్కహాలే కాని మీథేన్ 445, ఆక్టేన్ 438. మోల్‌కు చూసినప్పుడు 726 నుంచి 5470 దాకా చెల్లాచెదురుగా ఉన్న అంకెలు ఇక్కడ ఒక గూటికి చేరాయి.

థోర్న్‌టన్ అనే శాస్త్రవేత్త 1917లోనే ఈ సంగతి గమనించాడు. నీరు ఆవిరిగానే పోతుందనుకుంటే, ఖర్చయిన ప్రతి గ్రాము ఆక్సిజన్‌కూ సుమారు 13 కిలోజౌళ్లు వస్తాయి. అగ్నిప్రమాదాలను అధ్యయనం చేసే ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఈ సూత్రమే ఆధారం. కాలుతున్న వస్తువు దేనితో చేసిందో వివరంగా తెలియకపోయినా, పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో కొలిచి, ఎంత వేడి వెలువడుతోందో చెప్పేస్తారు.

ఇక మీ ప్రశ్నకు జవాబు ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ఒక గ్రాము ఆల్కహాల్ ఎంత ఆక్సిజన్‌ను కోరుకుంటుందో, అంత వేడినిస్తుంది. ఒక గ్రాము మిథనాల్‌కు 1.5 గ్రాముల ఆక్సిజన్ చాలు. ఇథనాల్‌కు 2.08, ప్రొపనాల్‌కు 2.40, బ్యూటనాల్‌కు 2.59 కావాలి. వీటిని 13తో గుణిస్తే 19.5, 27.0, 31.2, 33.7 వస్తాయి. నీరు ఆవిరిగా పోయే పరిస్థితిలో అసలు విలువలు 19.9, 26.8, 30.7, 33.1. ఏ పట్టికా దగ్గర లేకుండా సమీకరణం ఒక్కటి రాసుకుని ఇంత దగ్గరికి రావచ్చు.

మిథనాల్‌కు ఆక్సిజన్ తక్కువ చాలడం ఎందుకు? ఇంట్లోనే కొంత పెట్టుకుని వచ్చింది కాబట్టి. మిథనాల్ బరువులో సరిగ్గా సగం ఆక్సిజనే. ఇథనాల్‌లో 35 శాతం, ప్రొపనాల్‌లో 27, బ్యూటనాల్‌లో 22. ఆ ఆక్సిజన్ ఇప్పటికే కార్బన్‌తో, హైడ్రోజన్‌తో బంధం పెట్టుకుని కూర్చుంది. దాని తరఫు వేడి మనం దీపం వెలిగించకముందే ఎప్పుడో పోయింది. ఒక రకంగా ఆల్కహాల్ సగం దారి కాలిపోయి వచ్చిన హైడ్రోకార్బన్ (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థం). ఈథేన్ మోల్‌కు 1560 ఇస్తుంటే ఇథనాల్ 1367 దగ్గర ఆగుతుంది. గొలుసు పెరిగేకొద్దీ ఆ ఒక్క ఆక్సిజన్ పరమాణువు భారం పెద్ద అణువులో పంచుకుపోతుంది. కాబట్టి గ్రాము విలువ పెరుగుతూ హైడ్రోకార్బన్ వైపు జరుగుతుంది, పెరుగుదల మాత్రం మందగిస్తుంది. మీ గ్రాఫు గ్రాముల్లో గీస్తే వంపు, మోల్‌లలో గీస్తే తిన్నటి గీత రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు ‘సగమే వచ్చింది’ సంగతి. ఇథనాల్‌కు మీ లెక్క: 100 గ్రాముల నీరు, 20 డిగ్రీలు, 4.18తో గుణిస్తే 8.36 కిలోజౌళ్లు. దాన్ని 0.55తో భాగిస్తే గ్రాముకు 15.2. పుస్తకంలోని 29.7లో ఇది 51 శాతం. ఇందులో రెండు సవరణలు చేయాలి. రెండూ మీ హక్కే, సాకులు కావు.

మొదటిది, మీరు పోల్చవలసిన అంకె 29.7 కాదు. ఈసారి దీపం వెలిగించి చల్లటి డబ్బాను దాని మీదికి తెచ్చినప్పుడు, మొదటి కొన్ని క్షణాలు కళ్లు డబ్బా అడుగుకు దగ్గరగా పెట్టి పక్క నుంచి చూడండి. మెరిసే రాగి మీద ఊపిరి ఊదినట్టు సన్నటి మసక పడుతుంది. అంచుల దగ్గర చిన్న చుక్కలు కూడా కనిపించవచ్చు. అది మంటలో పుట్టిన నీరు. కాస్త వేడెక్కగానే మధ్య నుంచి అంచుల వైపుకు ఆరిపోతుంది. ఆ తర్వాత పుట్టిన నీరంతా ఆవిరిగానే గదిలోకి పోతుంది, తన గుప్తోష్ణాన్ని (మళ్లీ నీరైతే వదిలే వేడిని) వెంట తీసుకుపోతుంది. పుస్తకంలోని 29.7 ఆ ఆవిరి మళ్లీ నీరైనప్పటి విలువ. మీ పరికరంలో అది జరగదు. మీ కొలబద్ద 26.8. దానితో పోలిస్తే మీ ఫలితం 57 శాతం.

రెండోది, డబ్బా. నీటితో పాటు 150 గ్రాముల రాగి కూడా 20 డిగ్రీలు వేడెక్కింది. రాగి విశిష్టోష్ణం, అంటే ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి, 0.385 జౌళ్లు. అది తాగిన వేడి 1.16 కిలోజౌళ్లు. దీన్ని చేర్చితే మొత్తం 9.52, గ్రాముకు 17.3. ఇప్పుడు 65 శాతం. పైకప్పు లేని దీపానికి, తొడుగు లేని డబ్బాకు ఇది మంచి ఫలితం. మీరు నిరాశ పడవలసిన పని లేదు.

ఇదే సవరణ నాలుగింటికీ చేశాను. మిథనాల్ 61 శాతం, ఇథనాల్ 65, ప్రొపనాల్ 62, బ్యూటనాల్ 55. మొదటి మూడూ ఒక గుంపు. బ్యూటనాల్ ఒక్కటే జారిపోయింది. అది కూడా 62 శాతంతో పనిచేసి ఉంటే 0.46 గ్రాములు సరిపోయేవి. మీకు 0.52 ఖర్చయింది. ఆ తేడా సుమారు 0.06 గ్రాములు, అంటే దాదాపు రెండు కిలోజౌళ్లు. ఇవి ఎటు పోయాయో వెతకాలి.

అందరూ మొదట వేలు చూపించేది మసి వైపు. నిజమే, మసి అంటే మండకుండా మిగిలిన కార్బన్. కానీ ఎంత? ఒక బ్యాచ్ విద్యార్థుల చేత నేను ఒకసారి డబ్బాను ప్రయోగానికి ముందు, తర్వాత సున్నితమైన త్రాసులో తూకం వేయించాను. బ్యూటనాల్ తర్వాత డబ్బా అడుగు కాటుక పట్టినట్టు నల్లగా ఉంది. చూపుడు వేలితో గీస్తే కింద రాగి మెరిసేంత మెత్తటి పొర. చూడడానికి భయం పుట్టించే ఆ నలుపంతా కలిసి 10 మిల్లీగ్రాములు కూడా తూగలేదు. ఒక గ్రాము కార్బన్ పూర్తిగా మండితే సుమారు 32.8 కిలోజౌళ్లు. 10 మిల్లీగ్రాములకు మూడో వంతు కిలోజౌల్. మీరు పోగొట్టుకున్న రెండు కిలోజౌళ్లలో ఇది ఆరో వంతు. కాబట్టి ‘మసి పట్టింది కాబట్టి వేడి తగ్గింది’ అని ఒక్క వాక్యంతో నివేదిక ముగించే విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేయను.

మిగతాది ఎక్కడ? డబ్బాకు అంటుకోకుండా పొగతో ఎగిరిపోయిన మసి కొంత. కార్బన్ మోనాక్సైడ్‌గా పోయినది కొంత. కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతే మోల్‌కు 393.5 బదులు 110.5 కిలోజౌళ్లే వస్తాయి, అంటే కార్బన్ వాటాలో మూడో వంతు కూడా దక్కదు. నా అనుభవంలో వీటన్నిటికన్నా పెద్ద దొంగ జ్వాల ఆకారమే. బ్యూటనాల్ మంట పొడుగ్గా, పసుపు పచ్చగా, ఊగుతూ ఉంటుంది. ఆ పసుపు రంగు మంటలో ఎర్రగా కాగిన మసి రేణువులది. అవి వేడిని నాలుగు వైపులా కాంతిగా, వికిరణంగా వెదజల్లుతాయి. మీరు దీపం పక్కన చేయి పెడితే మిథనాల్‌కూ బ్యూటనాల్‌కూ తేడా చర్మానికే తెలుస్తుంది. పైగా పొడుగు జ్వాల డబ్బా అడుగును దాటి అంచుల మీదుగా పైకి పాకుతుంది. అక్కడ చేరిన వేడి నీటికి కాక గాలికి పోతుంది.

ఇందుకు మందు చాలా చిన్నది: వత్తిని కిందికి దించండి. లాంతరు వత్తి ఎక్కువ పెంచితే చిమ్నీ మసిబారడం, తగ్గిస్తే మంట శుభ్రంగా నిలబడడం తెలిసిందే కదా. ప్రతి ఇంధనానికీ ఒక జ్వాల ఎత్తు ఉంటుంది, అది దాటితేనే పొగ మొదలవుతుంది. బ్యూటనాల్‌కు ఆ హద్దు తక్కువ. జ్వాలను రెండు సెంటీమీటర్ల లోపు ఉంచితే మసి బాగా తగ్గుతుంది. అయితే అప్పుడు మిగతా మూడింటికీ అదే ఎత్తు ఉంచాలి, డబ్బాకూ వత్తికీ మధ్య దూరం కూడా అదే ఉండాలి. ఒకదానికి దించి మరొకదానికి వదిలేస్తే పోలిక చెడుతుంది.

పనిలో పనిగా మరికొన్ని జాగ్రత్తలు, నా చేతికి అందిన తప్పుల నుంచే చెబుతున్నాను.

దీపాన్ని ఆర్పగానే మూత పెట్టి, మూతతోనే తూయండి. ప్రయోగానికి ముందు తూకం కూడా మూతతోనే. ఒక ఏడాది ఒక జట్టుకు మిథనాల్ విలువ మరీ తక్కువ వచ్చింది. నిలబడి గమనిస్తే, దీపాన్ని మూత లేకుండా త్రాసు మీద పెట్టి, అంకె స్థిరపడడం కోసం ఎదురుచూస్తున్నారు. అది స్థిరపడడం లేదు. చివరి అంకె ఒక్కొక్కటే తగ్గుతూ పోతోంది. మిథనాల్ 64.7 డిగ్రీలకే మరిగే ద్రవం, వేడి వత్తి మీద నుంచి కళ్ల ముందే ఆవిరైపోతోంది. మండని మిథనాల్‌ను మండినట్టు లెక్క రాసుకున్నారు.

నీటిని గది ఉష్ణోగ్రత కన్నా పది డిగ్రీలు తక్కువ నుంచి మొదలుపెట్టి పది డిగ్రీలు ఎక్కువ దగ్గర ఆపితే, మొదటి సగంలో గది నుంచి వచ్చే వేడి, రెండో సగంలో గదికి పోయే వేడి చాలావరకు చెల్లుకు చెల్లు. శాస్త్రవేత్త రమ్‌ఫర్డ్ కాలం నుంచి ఉన్న ఉపాయమిది. డబ్బాకు మూత, చుట్టూ గాలికి అడ్డుగా ఒక రేకు పెట్టండి. కలుపుతూ ఉండండి. దీపం ఆర్పిన వెంటనే కాదు, ఉష్ణోగ్రత ఎక్కి ఎక్కి ఆగిన చోట అంకె రాసుకోండి.

ఇథనాల్ పేరుతో మీరు వాడినది ఏమిటో సీసా మీద చూడండి. మామూలు స్వేదనంతో ఇథనాల్‌ను బరువులో 95.6 శాతం కన్నా శుద్ధి చేయలేం, మిగతాది నీరు. ఆ లెక్కన గ్రాముకు దాదాపు నాలుగున్నర శాతం వేడి మొదటే తగ్గిపోతుంది. మిథైలేటెడ్ స్పిరిట్ అయితే అందులో మిథనాల్ కూడా కలిసి ఉంటుంది, దాన్ని శుద్ధ ఇథనాల్‌గా లెక్కించడం కుదరదు.

ఇంకో పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. ఇథనాల్‌ను ముందుగా మూడుసార్లు మండించి, నిజ విలువతో పోల్చి మీ పరికరం వాటా ఎంతో తేల్చుకోండి. మీ విషయంలో అది 65 శాతం. ఆ వాటాతో మిగతా ఫలితాలను భాగిస్తే అసలు విలువలకు దగ్గరికొస్తారు. బాంబ్ కెలోరీమీటర్‌తోనూ చేసేది ఇదే. అక్కడ గ్రాముకు 26.43 కిలోజౌళ్లని స్థిరపడిన బెంజోయిక్ ఆమ్లాన్ని మండించి పరికరాన్ని సరిచూసుకుంటాం, ఆ తర్వాతే తెలియని ఇంధనం జోలికి వెళ్తాం. మందపాటి ఉక్కు పాత్రలో సుమారు 30 వాతావరణాల పీడనంతో ఆక్సిజన్ నింపి మండిస్తే మసికి తావుండదు, వేడంతా చుట్టూ ఉన్న నీటికే చేరుతుంది, పుట్టిన ఆవిరి కూడా లోపలే నీరవుతుంది. పుస్తకంలోని అంకెలు ఇలాంటి పరికరాలు ఇచ్చినవి. స్పిరిట్ దీపాన్ని వాటితో పోల్చి చిన్నబుచ్చుకోవడం అన్యాయం.

సాదృశ్యకాల (ఒకే అణుఫార్ములా, వేర్వేరు అమరిక ఉన్న పదార్థాల) గురించి కూడా చివర్లో ఒక మాట అడిగారు. 1-ప్రొపనాల్ 2021, 2-ప్రొపనాల్ 2006. తేడా ఒక శాతం లోపే, మీ దీపంతో అది పట్టుబడదు. హైడ్రాక్సిల్ (ఆక్సిజన్–హైడ్రోజన్ జంట) ఎక్కడుందన్నది వేడిని పెద్దగా మార్చదు, గొలుసులో ఎన్ని కార్బన్‌లున్నాయన్నదే మారుస్తుంది. అదే అణుఫార్ములాతో ఈథర్ అయితే తేడా కొంచెం కనబడుతుంది: వాయు స్థితిలో డైమిథైల్ ఈథర్ 1460, ఇథనాల్ ఆవిరి 1409.

ఎక్కువ వేడి అంటే ఎక్కువ వేడిగా ఉండే మంట అని అర్థం కాదు. ఇది మీ నివేదికలో రెండు చోట్ల కలిసిపోయింది. గ్రాము బ్యూటనాల్ ఎక్కువ వేడినిస్తుంది, కానీ మండడానికి ఎక్కువ గాలిని కూడా లాక్కుంటుంది. ఆ గాలిలోని నైట్రోజన్‌నంతా వేడెక్కించాలి. అందువల్ల పూర్తిగా మండే ఆల్కహాల్ మంటల ఉష్ణోగ్రతలు దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. ఇంజన్లలోనూ ఇదే న్యాయం. సిలిండర్‌లో పట్టే గాలికి హద్దుంది. ఒక కిలో గాలికి మిథనాల్ సుమారు 3.1 మెగాజౌళ్లు, ఇథనాల్ 3.0, ఆక్టేన్ 2.9 ఇస్తాయి. గ్రాముకు అట్టడుగున ఉన్న మిథనాల్ ఇక్కడ ముందుకొచ్చింది. ట్యాంకు మాత్రం పెద్దది కావాలి, ఎందుకంటే ఆక్టేన్‌కు కిలోకు 15 కిలోల గాలి పడితే మిథనాల్‌కు ఆరున్నర కిలోలే పడుతుంది, అంటే అదే గాలితో రెట్టింపుకు మించి ఇంధనం ఖర్చవుతుంది.

మిథనాల్ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. దాని మంట వెలుతురులో దాదాపు కనిపించదు. ఆరిపోయిందనుకుని దీపంలో మళ్లీ ద్రవం పోయబోయిన విద్యార్థి చేయి పట్టుకుని ఆపిన రోజు నాకు ఇంకా గుర్తుంది. వత్తి మీద నీలి గీత కూడా లేదు, పైన గాలి సన్నగా వణుకుతోంది, అంతే. 11 డిగ్రీల దగ్గరే దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది. సీసా నోటి దగ్గర ఆవిరి అంటుకుంటే మంట సీసాలోంచి చిమ్ముకొస్తుంది. వెలుగుతున్న దీపంలో గానీ, ఇంకా వేడిగా ఉన్న దీపంలో గానీ ఏ ఆల్కహాల్‌నూ పోయకండి. పెద్ద సీసాను ప్రయోగం బల్ల మీదికే తేకండి. ఆరిందో లేదో అనుమానం వస్తే చేతితో కాదు, మూత పెట్టి తేల్చుకోండి. మిథనాల్ ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా ఒంట్లోకి చేరే విషం, కళ్లను దెబ్బతీస్తుంది. గాలి ఆడే గదిలో, రక్షణ కళ్లద్దాలతో చేయండి. పాఠశాల స్థాయి పిల్లలతో అయితే నేను మిథనాల్‌ను వాడనే వాడను. ఇథనాల్, ప్రొపనాల్, బ్యూటనాల్ మూడింటితో కూడా మెట్లు చక్కగా కనిపిస్తాయి.

బ్యూటనాల్‌ను మరోసారి, వత్తి దించి, మూతతో తూచి చేయండి. 0.46 గ్రాముల చుట్టుపక్కల వస్తే మీ సమస్య జ్వాల దగ్గరే ఉన్నట్టు. అప్పుడు కూడా 0.52 దగ్గరే నిలిస్తే, వత్తి నుంచి డబ్బా అడుగుకు ఎంత దూరం ఉంచారో, జ్వాల ఎత్తు ఎంతో, సీసా మీద శుద్ధత ఎంత శాతమని ఉందో ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.